ఆటే ఉద్యోగంగా బతికినవాడు

ఒంగోల్లో హౌరా మెయిల్ ఎక్కి కలకత్తా చేరారనుకోండి. ఇంటి దగ్గర పత్తి నడుమెత్తు ఎదిగింది. మిరపనారు నాటుతున్నారు. మీరు మాత్రం ఈడెన్ గార్డెన్స్ గ్యాలరీలో ఇరుక్కుని కూర్చున్నారు. పక్కవాడి మోచెయ్యి మీ డొక్కలో గుచ్చుకుంటోంది. 1977 సెప్టెంబర్ 24, శనివారం.

వానలకు తడిసిన నేల ఇంకా ఆరలేదు. క్రికెట్ కోసం పెంచిన పచ్చిక మీద అక్కడక్కడా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆట జరుగుతుందా లేదా అని పొద్దుటినుంచి గుసగుసలు. న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈ బురదలో దిగుతుందా? ఆ జట్టులో ఉన్నది పీలే. మూడు ప్రపంచ కప్పులు గెలిచినవాడు. ఇంకో నెలకు 37 ఏళ్లు నిండుతాయి. సరిగ్గా వారం తర్వాత, అక్టోబర్ 1న, అమెరికాలో వీడ్కోలు మ్యాచ్ ఆడి బూట్లు విప్పేస్తాడు. ఆ కాళ్లను ఇలాంటి నేల మీద ఎవరు పణంగా పెడతారు? అయినా ఎనభై వేల మంది వచ్చి కూర్చున్నారు. మీ ముందు వరసలో ఒక ముసలాయన గొడుగు ముడిచి, దాని మీద గడ్డం ఆనించి, ఆటగాళ్లు బయటికొచ్చే దారి వైపే చూస్తున్నాడు.

వచ్చారు. మైదానం ఒక్కసారిగా లేచి నిలబడింది. మీకు పీలే కనిపించకముందే అరుపు వినిపించింది. ఆ అరుపు ఎంతకూ ఆగదు.

ఎదుటి జట్టు మోహన్ బగాన్. అందులో గడ్డంతో, బక్కగా, పెద్ద ఎత్తు కూడా లేని ఒకతన్ని చూడండి. ముఖంలో పండగ కళ లేదు. జట్టులో మిగతావాళ్లు పీలేను చూసి మురిసిపోతుంటే ఇతను వాళ్లను కసిరాడట. వాడూ ఫుట్‌బాల్ ఆటగాడే, మనమూ ఫుట్‌బాల్ ఆటగాళ్లమే, ఆడదాం పదండి అన్నాడట. కలకత్తాలో ఇది తండ్రులు కొడుకులకు చెప్పుకునే కథ. మాటలు సరిగ్గా అవేనో కాదో గానీ, ఆ మనిషి ఆట చూసినవాళ్లెవరూ ఆ కథను శంకించరు. పేరు మహమ్మద్ హబీబ్. వయసు 28. ఊరు హైదరాబాద్. అందరూ పిలిచేది బడే మియా అని.

బంతి కదిలింది. మొదటి పది నిమిషాల్లోనే మీకు అర్థమవుతుంది, ఈ నేల మీద అందమైన ఆట సాగదని. బంతి నీళ్లలో ఆగిపోతుంది, తన్నినవాడు జారిపడతాడు. పీలే వెంట గౌతమ్ సర్కార్ అంటిపెట్టుకుని తిరుగుతున్నాడు. 17వ నిమిషంలో కార్లోస్ ఆల్బెర్టో గోల్ కొట్టాడు. 1970 ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్‌కు చివరి గోల్ కొట్టిన నాయకుడే ఇతను. ఇంతేనా, ఇక వరసగా పడతాయా అని మీరు అనుకునేలోపు, మరుసటి నిమిషంలోనే శ్యామ్ థాపా సమం చేసేశాడు. ముందు వరస ముసలాయన గొడుగు గాల్లో తిప్పుతున్నాడు.

తర్వాత హబీబ్ కొట్టాడు.

మోహన్ బగాన్ 2, కాస్మోస్ 1. ఆ అంకెను ఒక్క నిమిషం అలాగే ఉండనివ్వండి. ప్రపంచంలో ఏ డిఫెండరూ పూర్తిగా ఆపలేకపోయిన మనిషి ఒకవైపు ఉన్నాడు. అతని జట్టు మీద, బురదలో, హైదరాబాద్ కుర్రాడు గోల్ కొట్టి కలకత్తా క్లబ్బుకు ఆధిక్యం తెచ్చాడు. ఎనభై వేల మంది ఒక్క గొంతుతో అరుస్తున్నారు. మీకు బెంగాలీ రాదు, అయినా ఆ పేరు అర్థమవుతూనే ఉంది.

గోల్‌కీపర్ శివాజీ బెనర్జీ పీలే కాళ్ల మీదికే దూకి బంతి లాక్కున్నాడు. చివరికి ఒక పెనాల్టీ పడింది. కాదు, అది పెనాల్టీ కాదని ఆ మైదానంలో ఉన్నవాళ్లు ఈనాటికీ వాదిస్తారు. కినాలియా దాన్ని లోపలికి కొట్టాడు. 2-2. ఆట అలాగే ముగిసింది. పీలే హబీబ్‌ను దగ్గరికి తీసుకుని మెచ్చుకున్నాడని చెబుతారు. బడే మియా మాత్రం సంబరం ఇంటికి మోసుకుపోయే రకం కాదు. కొద్ది రోజుల్లోనే ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్, ఎదుట ఈస్ట్ బెంగాల్. ఆ ఫైనల్ మోహన్ బగాన్ గెలిచింది. ఆ ఏడాది డ్యూరాండ్, రోవర్స్ కప్పులు కూడా వాళ్లవే అయ్యాయి.

ఇప్పుడు మెయిల్ ఎక్కి ఇంటికి తిరిగి రండి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1977 అని ఎవరినైనా అడగండి, పీలే పేరు చెప్పరు. నవంబర్ 19 అంటారు. దివిసీమలో, రేపల్లె వైపు సముద్రం ఊళ్ల మీదికి వచ్చిన రోజు. వేల మంది పోయిన ఉప్పెన. ఆ దుఃఖం ముందు కలకత్తాలో ఎవరో ఆడిన ఆట ఎవరికి గుర్తుంటుంది? మన నేల ఫుట్‌బాల్‌ను పట్టించుకోలేదని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రోజు గోల్ కొట్టినవాడు మన రాష్ట్రం చొక్కా వేసుకుని పైకొచ్చినవాడే. ఆ సంగతి మనం మరిచిపోకూడదు.

కాబట్టి పన్నెండేళ్లు వెనక్కి పోదాం. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ, 1965-66. ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి కప్పు ఎత్తుకొచ్చింది. హైదరాబాద్ పేరుతో ఆడి 1956-57లోనూ 1957-58లోనూ ఆ కప్పు గెలిచిన ఆటగాళ్ల తర్వాతి తరం ఇది. అందులో ఇంకా మీసకట్టు సరిగా రాని హబీబ్ ఉన్నాడు. బెంగాల్‌ను ఫైనల్లో ఓడించినవాణ్ణి బెంగాల్ వదులుతుందా? మరుసటి ఏడాదికల్లా అతను ఈస్ట్ బెంగాల్ ఆటగాడు.

ఆ క్లబ్బుకు దక్షిణాది కొత్త కాదు. 1940ల చివర ఈస్ట్ బెంగాల్ ముందువరసలో ఐదుగురు ఆడేవాళ్లు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలె. వాళ్లను బెంగాలీలు పంచపాండవులు అన్నారు. అప్పారావు అని కలకత్తా గ్యాలరీలు అరిచిన రోజులవి.

హబీబ్ ఇంట్లో ఆరుగురు అన్నదమ్ములూ ఆటగాళ్లే. ఆజం, మొయిన్, ఫరీద్, హబీబ్, అక్బర్, జాఫర్. ఊళ్లో అప్పటికి ఒక సంప్రదాయం ఉంది. దాన్ని కట్టినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులుగా పనిచేసిన మనిషి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. రహీమ్ నడిపిన భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 1963లో ఆయన క్యాన్సర్‌తో పోయేనాటికి హబీబ్‌కు ఇంకా 14 ఏళ్లు నిండలేదు. ఆ చేతి కింద ఆడే అదృష్టం హబీబ్‌కు దక్కలేదు. అయితే రహీమ్ తీర్చిన శిష్యుల్లో పి.కె. బెనర్జీ ఉన్నాడు. ఈస్ట్ బెంగాల్‌లోనూ మోహన్ బగాన్‌లోనూ హబీబ్‌కు కోచ్ ఆయనే, కాస్మోస్ మ్యాచ్ రోజు బయట గీత పక్కన నిలబడ్డదీ ఆయనే. హైదరాబాద్ నుంచి పోయిన విద్య కలకత్తాలో తిరిగి హైదరాబాదీ దగ్గరికే వచ్చింది.

కలకత్తా మైదాన్ ఎలా ఉండేదో చూద్దాం. ఎస్ప్లనేడ్‌లో ట్రామ్ దిగి నడవండి. ఫోర్ట్ విలియం చుట్టూ పరుచుకున్న పచ్చిక మీద మూడు పెద్ద క్లబ్బులూ కూతవేటు దూరంలోనే. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్. గుర్రాల మీద పోలీసులు వరసలను అదిలిస్తున్నారు. టికెట్టు దొరకనివాళ్లు అట్టపెట్టెకు రెండు అద్దాలు బిగించిన పెరిస్కోపు పైకెత్తి, ముందువాళ్ల తలల మీదుగా ఆట చూస్తున్నారు. సాయంత్రం ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజార్లో పులస ధర లేస్తుంది, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర లేస్తుంది. గోదావరి ఒడ్డువాళ్లు పులస అనే చేపనే అక్కడ ఇలిష్ అంటారు.

ఈ మూడు క్లబ్బుల మధ్యనే హబీబ్ జీవితం గడిచింది. ఈస్ట్ బెంగాల్‌కు మూడు విడతలు, మోహన్ బగాన్‌కు మూడు విడతలు, మహమ్మడన్‌కు రెండు విడతలు ఆడాడు. ఈస్ట్ బెంగాల్ 1970 నుంచి వరసగా ఆరేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన పరుగులో మొదటి ఐదేళ్లూ అతనున్నాడు. ఆ ఒక్క క్లబ్బుకే వందకు పైగా గోల్స్ కొట్టాడు. తమ్ముడు అక్బర్ వెంటే ఉండేవాడు. 1976 లీగ్ డెర్బీలో అక్బర్ మోహన్ బగాన్ తరఫున 17వ సెకనులో ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు. క్లబ్బు మారిన ప్రతిసారీ నిన్నటి అభిమానులు తిట్టాలి కదా? ఇతన్ని తిట్టలేకపోయారు. ఏ చొక్కా వేసుకున్నా ఆ తొంభై నిమిషాలూ ఒళ్లు దాచుకోలేదు. అందుకే మూడు శిబిరాలూ అతన్ని తమవాడనే చెప్పుకున్నాయి. 2015లో ఈస్ట్ బెంగాల్ తన భారత్ గౌరవ్ పురస్కారం ఇచ్చింది.

నాకు అతని గోల్స్ కన్నా పెద్దగా కనిపించేది మరొకటి. ఆ రోజుల్లో ఆటగాళ్లకు ఏదో ఒక ఉద్యోగం ఉండేది. రైల్వేలో, కస్టమ్స్‌లో, స్టేట్ బ్యాంకులో. పొద్దున సాధన, తర్వాత ఆఫీసు, సాయంత్రం మ్యాచ్. ఆట అయిపోయాక పింఛను దాకా నీడ ఉంటుంది. హబీబ్‌కు అలాంటి ఉద్యోగాలు చాలా వచ్చాయి. ఒక్కటీ తీసుకోలేదు. ఫుట్‌బాలే పని, ఇంకో పని లేదన్నాడు. క్లబ్బు మెస్సులో ఉండి, చీకటితో లేచి, ఆటకు పనికిరానిదేదీ ముట్టకుండా, 1966 నుంచి 1984 దాకా అలాగే గడిపాడు. దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ అని అతన్ని అందుకే అంటారు. పల్నాడు నల్లరేగడిలో కౌలు ముందే కట్టి, విత్తనానికీ మందులకూ అప్పు తెచ్చి, ఏడాది బతుకంతా ఒక్క పత్తి మీదో మిర్చి మీదో పెట్టే రైతుకు ఆ తెగువ ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మోకాలు ఒక్కసారి విరిగితే అంతే. ఆటగాడికి బీమా లేదు, మద్దతు ధర లేదు.

దేశం కోసం ఆడింది 1967 మెర్డెకా కప్ నుంచి. 1970 డిసెంబర్, బ్యాంకాక్. ఆసియా క్రీడల్లో కాంస్యం కోసం మ్యాచ్, ఎదుట జపాన్. రెండేళ్ల కిందటే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్న జట్టు అది. మన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఇతనూ హైదరాబాదే. భారత్ 1-0తో గెలిచింది. మైదానంలో ఆ కుర్రాళ్లు ఒకరిమీద ఒకరు పడుతుంటే మీరూ చప్పట్లు కొట్టండి. ఎందుకంటే ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మరో పతకం రాలేదు. మన ప్రకాశం జిల్లా పుట్టింది ఆ ఏడాదే, ఒంగోలు జిల్లా పేరుతో. జిల్లాకు యాభై ఏళ్లు దాటాయి, ఆ కాంస్యం మాత్రం ఇంకా ఆఖరి పతకంగానే ఉంది.

1980లో అర్జున అవార్డు. 1984లో ఆట విరమణ. అప్పటినుంచి కథ మారింది.

జంషెడ్‌పూర్ వెళదాం. టాటా ఫుట్‌బాల్ అకాడమీ, 1987లో మొదలైంది. ఉక్కు కర్మాగారం ఊరు. దేశం నలుమూలల నుంచి ఏరి తెచ్చిన పిల్లలు పొద్దున్నే వరసలో నిలబడి ఉన్నారు. ఎదురుగా బడే మియా. పెద్ద క్లబ్బుల కోచ్ కుర్చీలో కూర్చుని ఏటా ఆ కుర్చీ కోసం కొట్లాడే బతుకు కన్నా ఇతనికి ఈ పని సరిగ్గా నప్పింది. తర్వాత పోర్టు పట్నం హల్దియాలో, బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం అకాడమీకి ముఖ్య కోచ్‌గా కూడా పనిచేశాడు. క్లబ్బు కోచ్‌కు పేరు తెచ్చేది ట్రోఫీ. అకాడమీ కోచ్‌కు పేరు రాదు. పదిహేనేళ్ల కుర్రాడు ఎడమ కాలితో బంతి ఆపడం నేర్చుకున్న రోజున పత్రికలు రావు. అయినా ఆ పని ఎవరో ఒకరు చేయాలి, బాగా ఆడినవాడు చేస్తే మరీ మంచిది. గోల్స్ కొట్టినవాళ్లు చాలామంది ఆ మాట అంటారు. ఇతను పిల్లల మధ్యకు వెళ్లి ఏళ్ల తరబడి చేశాడు.

పెద్ద క్లబ్బు కోచ్‌గా ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ స్ట్రైకర్ ఒకాయన ఉన్నాడు, షబ్బీర్ అలీ. ఆయన దారి కూడా చూడాలి. 1974, మళ్లీ బ్యాంకాక్. ఆసియా యువ చాంపియన్‌షిప్ ఫైనల్, భారత్, ఇరాన్ 2-2. కప్పు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కెప్టెన్ షబ్బీర్. బొంబాయిలో టాటా, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్, ఇలా ఊళ్లు తిరిగి ఆడాక కోచ్ అయ్యాడు. 1998-99 సీజన్‌లో గోవా జట్టు సల్గాంకర్‌కు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గెలిపించాడు. ఆ లీగ్ గోవాకు రావడం అదే మొదటిసారి. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు, ఫుట్‌బాల్‌లో అదే మొదటిది. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఇద్దరూ ఊరు వదిలి పేరు తెచ్చుకున్నవాళ్లు. ఒకరు పిల్లలకు నేర్పాడు, ఒకరు పెద్దవాళ్లను గెలిపించాడు. ఎవరు గొప్ప అని నన్నడిగితే ట్రోఫీ షబ్బీర్‌దే. కానీ మన పల్లెలకు ఇవాళ కావలసినవాడు హబీబ్ లాంటివాడు.

చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ జబ్బు, మతిమరుపు హబీబ్‌ను ఆవరించాయి. ఒంట్లో అణువణువూ చెప్పినట్టు వినే మనిషికి చేతి వణుకు వచ్చింది. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో, 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం కూడా పోయాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టినవాడు, జకార్తా బంగారు జట్టులో ముందువరస ఆటగాడు. ఆరు నెలల తేడాతో ఇద్దరూ లేకుండా పోయారు. కలకత్తాలో క్లబ్బుల జెండాలు దించారు. మన జిల్లాల్లో ఆ ఆగస్టు 15న బడుల్లో జెండా ఎగరేసి, మిఠాయి పంచి, ఇళ్లకు వెళ్లారు. హబీబ్ అనే పేరు పలికిన పంతులు ఎంతమంది ఉన్నారు?

ఇక మన నేల సంగతి. నరసరావుపేట నుంచి మార్కాపురం దాకా బస్సులో వెళ్లండి. ప్రతి ఊళ్లో వాలీబాల్ నెట్టు కనిపిస్తుంది, కబడ్డీ కోర్టు కనిపిస్తుంది, క్రికెట్ సంగతి సరే సరి. సంక్రాంతికి ఎడ్ల పందేల బహుమతుల బ్యానర్లు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. ఫుట్‌బాల్ గోల్‌పోస్టు మాత్రం చాలా దూరం పోయినా కంటపడదు. పిల్లల కాళ్లలో పస లేక కాదు. మిర్చి కోతలకు తల్లులతో పాటు తెల్లారకముందే ట్రాక్టరెక్కే పిల్లల కాళ్లు అవి. వాళ్లకు బంతి ఎవరూ ఇవ్వలేదు, అంతే.

నిండైన ఫుట్‌బాల్ మైదానానికి పట్టే నేల ఎకరం ముప్పావు. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. బడి ఆవరణలో అంత చోటు లేకపోతే చిన్న మైదానమైనా చాలు, అయిదుగురు ఇటూ అయిదుగురు అటూ ఆడొచ్చు. ఇనప గొట్టాలు మీ ఊరి వెల్డింగ్ షాపులోనే అతుకుతాయి. పంట అమ్మి బాకీలు తీర్చాక గుడికీ జాతరకూ చందా ఇచ్చే రైతులారా, హెడ్మాస్టర్లారా, పీఈటీలారా, ఈ వేసవి సెలవులు ముగిసేలోపు మీ బడిలో ఆ రెండు గోల్‌పోస్టులు నిలబెట్టండి. బంతి కొని ఇవ్వండి. మొదటి రోజు పిల్లలను కూర్చోబెట్టి, పీలే ఆడిన జట్టు మీద గోల్ కొట్టిన ఆంధ్రప్రదేశ్ ఆటగాడు ఒకడున్నాడని, అతని పేరు మహమ్మద్ హబీబ్ అని చెప్పండి.